పాతిక వేల నూటపదహార్లు

పశ్చిమ గోదావరి వైపు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. రూళ్ళ కాగితం మీద ఆరు పేజీలు, గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. సారాంశం నా మాటల్లో ఇస్తున్నాను.

ఆయనకు నలభై ఆరేళ్ళు. ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. తండ్రి 1983లో ఒక ట్రెడిల్ మిషనూ, అరల నిండా సీసం అక్షరాలతో మొదలుపెట్టారు. ఈయన 2011లో మినీ ఆఫ్‌సెట్ కొన్నారు. శుభలేఖలే ప్రధానమైన పని. మధ్యలో బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు. ఒకప్పుడు పెళ్ళికి వెయ్యి కార్డులు వేయించుకున్న ఇళ్ళే ఇప్పుడు దేవుడి దగ్గర పెట్టడానికీ, పెద్దవాళ్ళకి బొట్టు పెట్టి ఇవ్వడానికీ వంద వేయించుకుని మిగతావాళ్ళకి వాట్సాప్‌లో పంపేస్తున్నారు. కోవిడ్ రెండేళ్ళూ మిషన్ మీద కప్పిన గుడ్డ తియ్యలేదు. ఇద్దరు పనివాళ్ళు ఉండేవారు, ఇప్పుడు ఆయనొక్కరే.

అప్పులు ఇవీ: బ్యాంకులో ముద్ర రుణం బాకీ 4 లక్షలు. భార్య నగలు 8 కాసులు 2022లో తాకట్టు పెట్టి తెచ్చింది 2 లక్షల 20 వేలు. ఊళ్ళో ఒకాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 3 లక్షలు, ప్రామిసరీ నోటు మీద. ఈయన సంతకం పెట్టిన రెండు ఖాళీ చెక్కులు కూడా ఆయన చేతిలో పెట్టారు. క్రెడిట్ కార్డు మీద 90 వేలు. పాడేసిన చీటీకి ఇంకా 8 నెలలు, నెలకు 10 వేల చొప్పున. మొత్తం దాదాపు 11 లక్షలు. నెలకు కట్టాల్సింది: బ్యాంకు కిస్తీ 11,500, వడ్డీ 9,000, చీటీ 10,000, కార్డు వాడు అడిగే కనీస మొత్తం 4,500. అంటే 35 వేలు. ముహూర్తాలున్న నెలల్లో ఖర్చులు పోను 35, 40 వేలు మిగులుతాయట. ఆషాఢంలో, భాద్రపదంలో, ధనుర్మాసంలో, మూఢాల్లో పది వేలు కూడా రావు.

భార్య జాకెట్లు కుడతారు, డ్వాక్రా సంఘంలో ఉన్నారు. బ్యాంకు రుణమూ తాకట్టూ ఆవిడకు తెలుసు. మూడు రూపాయల అప్పూ, కార్డూ తెలీదు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, అబ్బాయి ఎనిమిదో తరగతి.

ఇక అసలు బాధ. బావమరిది డాలస్‌లో, తోడల్లుడు హైదరాబాదులో, ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లోనే. పధ్నాలుగు నెలల క్రితం బావమరిది హైదరాబాదులో విల్లా కొని గృహప్రవేశం చేశారు. అందరూ భోజనాలకు లేస్తున్న వేళ తోడల్లుడు వచ్చి, "మీరు ఖాళీయే కదా, కాస్త ఆ నీళ్ళ క్యాన్లు దింపించండి" అన్నారట. మనుషులు దొరక్క ఈయనే మోశారు. పట్టుపంచె తడిసింది. తిరుగు ప్రయాణంలో కూతురు, "నాన్నా, ఇంకెప్పుడూ వీళ్ళ ఫంక్షన్లకి వద్దు" అంది. అప్పటినుంచి ఆయన ఏ శుభకార్యానికీ వెళ్ళడంలేదు. వెళ్ళలేకపోవడానికి కారణాలు అల్లడమే ఒక పనైపోయిందని రాశారు. కార్డు వసూళ్ళ ఫోను వస్తే అమ్మాయే ఎత్తి, నాన్న స్నానం చేస్తున్నారని చెబుతోంది. "ఊళ్ళో సగం పెళ్ళిళ్ళ కార్డులు నా చేతి మీదుగా వెళ్తాయి, ఒక్క పెళ్ళిలోనూ నేను కనపడను. డబ్బు లేని మనిషికి విలువేమిటమ్మా?" అని అడిగారు. వచ్చే వైశాఖంలో తోడల్లుడి కొడుకు పెళ్ళి. వెళ్ళాలా వద్దా అన్నది ఆఖరి ప్రశ్న.

*

మీ ఉత్తరంలో నాలుగో పేజీ మార్జిన్‌లో, నిలువుగా ఇరికించి రాసిన వాక్యం ఒకటుంది. ఉత్తరమంతా అచ్చు వేసినట్టుంటే అదొక్కటే వంకరగా ఉంది. "ఒక్కోసారి నేను లేకపోతే పాలసీ డబ్బుతో అన్నీ తీరిపోతాయి కదా అనిపిస్తుంది." మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది.

ఆ ఆలోచన ఎప్పుడు వస్తోంది, వస్తే ఎంతసేపు ఉంటోంది, ఇవి ఉత్తరంలో రాసి జవాబు కోసం నెల ఎదురుచూసే సంగతులు కావు. 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. డబ్బు ఖర్చు లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. ఈ మాట మీ భార్యకు కూడా చెప్పండి. అప్పుల చిట్టా చెప్పే ధైర్యం ఇంకా రాకపోతే అది రేపు చెప్పవచ్చు, ఈ ఒక్కటీ మాత్రం ఇవాళే చెప్పండి. పాలసీతో అప్పు తీరుతుందా లేదా అన్న లెక్క నేను వెయ్యను. వేస్తే మీరు అందులో తప్పు వెతుకుతారు, తప్పులు పట్టడం మీ వృత్తి. మీ అమ్మాయి ఫోన్ ఎత్తి అబద్ధం చెబుతున్నది మీరు ఇంట్లో ఉన్నారు కాబట్టి, మీరు ఉండాలి కాబట్టి. అంతవరకే నాకు తెలుసు.

ఇప్పుడు మిగతాది.

డబ్బుదేముంది, మనసు గొప్పదైతే చాలు అని నేను అనబోవడం లేదు. కలిమిలేములు కావడికుండలు అని మా అత్తగారు తరచూ అనేవారు. ఆవిడ జీవితంలో ఎప్పుడూ కావడి మొయ్యలేదు. నెలకు 35 వేలు కట్టాల్సిన మనిషికి సగటున పాతిక వేలు వస్తుంటే ఆయన ఎంత మంచివాడైనా, ఎంత కష్టపడినా, నెలకు పదివేలు తగ్గుతాయి. అది కూడికా తీసివేత. మీ గుణగణాలతో దానికి సంబంధం లేదు. ఆ పదివేలే మీరు కార్డు మీద గీకుతూ వచ్చారు. ఊళ్ళో ఆయన మూడు రూపాయల వడ్డీకి మీకు నిద్ర పట్టడంలేదని రాశారు కదా, కనీస మొత్తం మాత్రమే కట్టుకుంటూ పోయే కార్డు వడ్డీ సాధారణంగా నూటికి నెలకు మూడున్నర దాకా పడుతుంది. అది గుమ్మంలోకి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చోదు కాబట్టి మనకు అప్పులా కనపడదు, అంతే.

ఇంకొకటి. మీ ఆదాయం పంచాంగాన్ని బట్టి వస్తుంది, కిస్తీలు క్యాలెండరును బట్టి వస్తాయి. శుక్రమూఢం వచ్చిందని ఏ బ్యాంకూ ఆగదు. మాఘంలో నాలుగు వేల కార్డులు వేసిన మనిషి ఆషాఢంలో బిల్లు పుస్తకాల కోసం చూస్తూ కూర్చుంటాడని ఆ రుణం ఇచ్చినప్పుడు ఎవరూ అనుకోలేదు, మీరూ చెప్పి ఉండరు. మూఢం నెలల్లో కిస్తీ తప్పిన ప్రతిసారీ "నేను చేతగానివాణ్ణి" అని రాసుకున్నారు. కార్తీకంలో మళ్ళీ సకాలంలో కట్టినప్పుడు "నేను సమర్థుణ్ణి" అని ఒక్కసారైనా రాసుకున్నారా?

ఇక్కడ మీతో కూర్చుని ఒక పని చెయ్యాలనుంది. మీరు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 3 లక్షలు దేనికి ఖర్చయ్యాయో మీరే రాశారు, అయితే మూడు వేర్వేరు పేజీల్లో రాశారు. వాటిని ఒక చోటికి తెచ్చాను. మిషన్ రిపేరుకూ, కాగితం సరుకుకూ లక్షా ఇరవై వేలు. మీ అమ్మగారి ఆస్పత్రికి ఎనభై వేలు. మిగిలిన లక్షలో, తోడల్లుడి కూతురి ఓణీల ఫంక్షన్‌కి పెట్టిన ఉంగరమూ బట్టలూ కలిపి 45 వేలు, గృహప్రవేశానికి మీ నలుగురి పట్టుబట్టలకూ కారుకూ 30 వేలు, చదివింపులు 25,116.

మొదటి రెండూ సరే. మూడో లక్ష చూడండి. ఆ లక్ష లేకపోతే మీ ఇంట్లో ఎవరూ పస్తు ఉండేవారు కాదు, మిషన్ ఆగేది కాదు. అది మీరు తక్కువగా కనపడకూడదని తెచ్చిన డబ్బు. డబ్బు లేక విలువ పోయిందని మీరంటున్నారు. నాకు మీ లెక్కల్లో కనపడుతున్నది తిరగేసి ఉంది: విలువ పోతుందేమోనని డబ్బు పోగొట్టుకున్నారు. ఒక్క ఆ పాతిక వేల నూటపదహార్లకే నెలకు 750 పైచిలుకు వడ్డీ. పధ్నాలుగు నెలలకు పది వేలు దాటింది. మీ బావమరిది కవరు విప్పి పుస్తకంలో రాయించి మర్చిపోయి ఉంటాడు, మీరు ఇప్పటికీ ఆ చదివింపులు చదివిస్తూనే ఉన్నారు.

పైగా అది ఏం కొనిపెట్టింది? పాతిక వేలు చదివించిన రోజే నీళ్ళ క్యాన్లు మోశారు. ఆ డబ్బు మర్యాద తెస్తుందనుకుంటే, తేలేదు. ఇంకా ఎక్కువ చదివించి ఉంటే తెచ్చేదని మీకూ అనిపించడం లేదనుకుంటాను.

ఆ క్యాన్ల సంగతిలో తోడల్లుడి మనసులో ఏముందో నాకు తెలీదు. నిజం చెప్పాలంటే మీకూ తెలీదు. "ఖాళీయే కదా" అన్న మాట చులకనగా అన్నదే అయివుండొచ్చు. మన ఇళ్ళల్లో అల్లుళ్ళ మధ్య ఇలాంటివి కొత్తవి కావు. లేదా వంటవాళ్ళు నీళ్ళకోసం అరుస్తుంటే కంటికి ఎదురుగా కనపడిన సొంతమనిషికి చెప్పి ఉండొచ్చు. పధ్నాలుగు నెలలుగా మీరు ఆ దృశ్యాన్ని ఒకే అర్థంతో చూసుకుంటున్నారు. రెండో అర్థం సరైనదని నేను పట్టుబట్టను. ఒక్క విషయం అడుగుతాను. అదే పని మీ పెదనాన్నగారింటి పెళ్ళిలో, మీ ఊళ్ళో, అప్పు లేని రోజుల్లో చేసి ఉంటే ఇంటికొచ్చి ఏమనేవారు? పంచె పాడైందని విసుక్కుని ఊరుకునేవారు.

మీ అమ్మాయి మాట మాత్రం వేరు. "ఇంకెప్పుడూ వద్దు" అని ఆ పిల్ల అన్నది నాన్న పేదవాడని సిగ్గుపడి అన్న మాటని మీరు తీసుకున్నారు. నా చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను.

మా నాన్న రైసు మిల్లులో గుమాస్తా. అప్పు ఇచ్చినాయన ఆదివారం పొద్దున్నే సైకిలు మీద వచ్చేవాడు. స్టాండు వేసిన చప్పుడు వినపడగానే నాన్న పెరట్లోకి వెళ్ళిపోయేవారు, గుమ్మం దగ్గరికి నేను. "నాన్న ఊళ్ళో లేరండీ" అనాలి. నాకు తొమ్మిదేళ్ళు. ఒకసారి అలాగే అన్నాను. ఆయన మెట్టు మీదున్న నాన్న చెప్పుల వైపు చూశాడు, నా వైపు చూశాడు, "సరేనమ్మా, వచ్చాక చెప్పు" అని వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళు దాటాయి. ఆ అప్పు ఎంతో నాకు తెలీదు, ఎప్పుడు తీరిందో తెలీదు. ఆ చెప్పులు గుర్తున్నాయి, ఎడమదానికి అంగుష్ఠం దగ్గర వేసిన కుట్టుతో సహా. మా దగ్గర డబ్బు లేదని నాకు అంతకుముందే తెలుసు, దానికి సిగ్గెప్పుడూ వెయ్యలేదు. ఊళ్ళో అందరిళ్ళూ అలాగే ఉండేవి. నాన్న పెరట్లో అరటిచెట్టు వెనక నిలబడి ఉన్నారన్నదే నాకు మింగుడు పడలేదు.

అందుకని ముందుగా చెయ్యమని నేను గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే. ఇవాళ్టి నుంచి ఆ ఫోను మీరే ఎత్తండి. "ఇప్పుడు నా దగ్గర లేదు, ఫలానా తారీఖుకి ఇంత కడతాను" అని చెప్పండి. వసూళ్ళవాళ్ళు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, తిట్టడానికీ బంధువులకు ఫోన్ చేసి పరువు తియ్యడానికీ వాళ్ళకి హక్కు లేదు. హద్దు మీరితే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నెలలోపల జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు. వివరాలకు వాళ్ళ నంబరు 14448.

రెండోది మీ భార్య. ఆవిడకు చెబితే గుండె ఆగిపోతుందని రాశారు. నాకు నవ్వొచ్చింది, క్షమించండి. ప్రతి నెలా పదిమంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని, ఎవరి బాకీ ఎంతో, ఎవరు ఎన్ని కిస్తీలు తప్పారో పైకి చదివి పుస్తకంలో రాసే మనిషి ఆవిడ. అప్పు అనే మాటను నలుగురిలో మామూలుగా పలకడం మీ ఇంట్లో ఒక్కరికే వచ్చు, ఆ ఒక్కరి దగ్గరే మీరు దాస్తున్నారు. చెప్పాక ఆవిడ కోప్పడతారు. అప్పుకంటే దాచినందుకు ఎక్కువ కోప్పడతారు. నాలుగు రోజులు పలకకపోవచ్చు. పుట్టింటికి ఫోన్ చేసే అవకాశమూ ఉంది, అదీ మనసులో పెట్టుకోండి. ఏడుస్తూ, క్షమించమంటూ మొదలుపెట్టకండి. అప్పుడు ఆవిడ మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, లెక్క పక్కకి పోతుంది. ఒక కాగితం మీద ఎవరికి, ఎంత, ఎంత వడ్డీకి, ఎప్పటినుంచి అని రాసి చేతికివ్వండి. ఒక్క అంకె కూడా తగ్గించకండి. తర్వాత ఇంకో పదివేలు బయటపడితే ఆ కాగితం మొత్తం అబద్ధమైపోతుంది.

ఆవిడకు చెప్పకుండా ముందుకు పోవడానికి దారి లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. మీ ముందున్న వాటిల్లో కాస్త ఊపిరి ఆడించే మార్గం ఆవిడ చేతిలోనే ఉంది.

తాకట్టులో ఉన్న 8 కాసులూ మీరు పెట్టింది 2022లో. అప్పటికీ ఇప్పటికీ బంగారం ధర రెట్టింపు దాటింది. ఏటా వడ్డీ కట్టి తిరగరాస్తూ వస్తున్నారు, అదలాగే ఉంది. అందులో ఆరు కాసులకు అటూ ఇటూ అమ్మితే తాకట్టు బాకీ తీరి, మూడు రూపాయల అప్పూ తీరవచ్చు. తరుగు పోగా సరిగ్గా ఎంతొస్తుందో ఇద్దరూ కలిసి వెళ్ళి కనుక్కోండి. నెలకు 9 వేలు అక్కడితో ఆగుతుంది. ఎనిమిది నెలలకు చీటీ అయిపోతుంది, ఇంకో పదివేలు తగ్గుతుంది. కార్డును గీకడం మానేసి, ఉన్న బాకీని వాయిదాల్లోకి మార్చమని అడిగితే దాని వడ్డీ కూడా కొంత దిగుతుంది. ఏడాది తిరిగేసరికి మీ నెలసరి భారం 35 నుంచి 16 వేల లోపుకు రావచ్చు. బరువే, అయినా మొయ్యగలిగిన బరువు. దీనికి మూల్యం: పెళ్ళీడుకొస్తున్న ఆడపిల్ల ఉన్న ఇంట్లో బంగారం తరిగిపోతుంది, మళ్ళీ అంత కొనడం ఈ ధరల్లో మీవల్ల కాకపోవచ్చు. అది స్త్రీధనం, నిర్ణయం పూర్తిగా ఆవిడది. ఆవిడ వద్దంటే వద్దు. మళ్ళీ అడగకండి, మొహం మాడ్చుకుని అడిగినట్టు చెయ్యనూ వద్దు.

నోటు తీర్చే రోజున జాగ్రత్త. డబ్బిచ్చిన ఆ నిమిషంలోనే నోటూ, రెండు చెక్కులూ వెనక్కి తీసుకోండి. "రేపు పంపిస్తాలే" అంటే డబ్బు కూడా రేపే. ఇప్పటిదాకా కట్టిన వడ్డీకి నోటు వెనక చెల్లు రాయించుకున్నారా? రాయించుకుని ఉండరు. ఇకనుంచి చేతికివ్వకుండా ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో పంపండి, కనీసం ఆనవాలు మిగులుతుంది. ఆ ఖాళీ చెక్కులు ఆయన నింపి బ్యాంకులో వేసుకుని అవి వెనక్కొస్తే, చెక్కు బౌన్సు కేసులకు వాడే 138 సెక్షన్ కింద నోటీసు వస్తుంది. నోటీసు అందినాక ఆ డబ్బు కట్టడానికి పదిహేను రోజులే గడువు. భయపెట్టడానికి చెప్పడంలేదు, అలాంటిది వస్తే టేబులు సొరుగులో పడెయ్యకుండా ఆ రోజే వకీలు దగ్గరికి వెళ్ళమంటున్నాను. మీరు కవర్లు విప్పడం మానేశారని రాశారు కనుక.

రెండో దారి బావమరిది. "బావగారూ, ఏదైనా అవసరమైతే చెప్పండి" అని ఆయన రెండుసార్లు అన్నాడని మీరే రాశారు, వెంటనే "నోటిమాటకే అన్నాడు" అని కూడా రాశారు. అడగొచ్చు. అడిగితే చేబదులులా కాకుండా కాగితం రాసి, ఎన్నాళ్ళలో ఎంత ఇస్తారో చెప్పి అడగండి. మూడు రూపాయల వడ్డీ ఆగిపోవడం చిన్న లాభం కాదు. ఆ తర్వాత మాత్రం మీ ఇంట్లో కొన్న ప్రతి కొత్త వస్తువూ ఎవరో ఒకరు లెక్కపెడతారు. మీ భార్యకు పుట్టింట్లో మాట కాస్త తగ్గుతుంది. ఆవిడ దానికి సిద్ధమా అన్నది మళ్ళీ ఆవిడనే అడగాలి. మీరిప్పుడున్న మానసిక స్థితిలో ఈ దారి కంటే మొదటిదే నయమని నా అభిప్రాయం. మీకు ఆయన ఇచ్చే డబ్బు కంటే ఆయన చూసే చూపు ఎక్కువ ఖరీదవుతుంది. అయితే బంగారానికి ఆవిడ ఒప్పుకోకపోతే ఇదే మిగులుతుంది, అప్పుడు అభిమానం అడ్డం పెట్టుకోకండి.

ఇల్లు అమ్మడం గురించి ఒక పేజీ రాశారు. నాలుగు సెంట్ల పెంకుటిల్లు, అందులో తమ్ముడికీ వాటా. ఇప్పుడే ఆ జోలికి వెళ్ళకండి. తొందరలో అమ్మేవాడికి ధర రాదు.

బ్యాంకుకు మాత్రం ఈ వారమే వెళ్ళండి. వరసగా తొంభై రోజులు కట్టకపోతే ఖాతాను మొండి బాకీల్లో వేస్తారు, ఆ తర్వాత మేనేజరు మంచివాడైనా ఆయన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. మీకింకా రెండు కిస్తీలే తప్పాయి. మూడేళ్ళ మీ ఆర్డర్ల పుస్తకం పట్టుకెళ్ళండి, ఏ నెలలో ఎంత పని వచ్చిందో అందులో ఉంది. మీరు శుభలేఖలు వేసే మనిషని ఆయనకు అలా చూపిస్తే అర్థమవుతుంది. కాలం పెంచి కిస్తీ తగ్గించమని అడగండి. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతారు, అది తప్పదు. ఒప్పుకోకపోవచ్చు కూడా. భార్య సంఘం మీద కొత్త అప్పు తీసి ఇందులో పొయ్యమని మాత్రం ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆవిడ కిస్తీ తప్పితే మిగతా తొమ్మిదిమంది మీద పడుతుంది. ఊళ్ళో ఆవిడకున్న పేరు కూడా పోతుంది.

ప్రెస్సు మూసెయ్యాలా అని అడిగారు. నాకు తెలీదు. మిషన్ అమ్మి ఎవరి దగ్గరైనా డీటీపీ పనికి చేరితే నెలకింత అని చేతికొస్తుంది, మూఢాలతో పని ఉండదు. నాన్నగారు పెట్టింది మూశానన్న బాధ ఉంటుంది, అది చిన్నదని అనను. లేదా ఆఫ్‌సెట్ తీసేసి, కంప్యూటరూ డిజైనింగూ ఉంచుకుని, అచ్చుపని బయట వేయించి ఇవ్వొచ్చు. మీ ఊళ్ళో షాపు అద్దె ఎంతో, మిషన్‌కి ఎంతొస్తుందో మీకే తెలుసు. ఏదైనా ఈ సీజను అయ్యాక, ఆషాఢంలో తీరిగ్గా కూర్చుని తేల్చుకోండి. ఆషాఢం మంచిపని చెయ్యడానికి పనికిరాదంటారు గానీ లెక్కలు చూసుకోవడానికి అంతకంటే మంచి టైము మీకు దొరకదు.

డబ్బు లేని మనిషికి విలువేమిటని అడిగారు కదా. దానికి పెద్ద మాటలతో జవాబు చెప్పడం నాకు చేతకాదు. మీ ఉత్తరంలోనే ఒక చోట చూపిస్తాను.

ఆరో పేజీలో తోడల్లుడి కొడుకు శుభలేఖ గురించి రాశారు. హైదరాబాదులో చేయించారు, పెట్టెలో పెట్టి, లోపల చిన్న వెండి వినాయకుడితో. మిమ్మల్ని మాటవరసకైనా అడగలేదని నొచ్చుకున్నారు, న్యాయమే. దాని కింద ఇలా రాశారు: "అంత ఖరీదు పెట్టి చేయించిన కార్డులో ‘ప్రార్థన’ అన్న మాట ‘ప్రార్ధన’ అని పడిందమ్మా. ధ వత్తు వేశారు. నా దగ్గర వేసిన ఏ కార్డులోనూ ఈ ముప్ఫై ఏళ్ళలో అది పడలేదు. మా నాన్న ఒక్కో కార్డూ మూడుసార్లు ప్రూఫు చూసేవారు, చివరిసారి కింద నుంచి పైకి చదివేవారు. నేనూ అంతే."

ఉత్తరం మొత్తంలో మీరు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని రాసిన వాక్యాలు ఇవే. అక్షరాలు కూడా కాస్త పెద్దవయ్యాయి, చూసుకున్నారో లేదో. అందులో మీ అప్పుల ప్రస్తావన లేదు, డాలసూ లేదు. కింద నుంచి పైకి చదవడం గురించి నాకిదివరకు తెలీదు. ఈ జవాబు రాశాక నేనూ అలా చదివి చూశాను, రెండు తప్పులు దొరికాయి. ఇలాంటి పనితనంతో అప్పు తీరుతుందని నేను చెప్పను, ఇప్పటిదాకా తీరలేదు కదా. అప్పు ఉన్నా అది ఎక్కడికీ పోలేదని మాత్రం మీ చేతిరాతే చెబుతోంది.

ఇక పెళ్ళి. వెళ్ళకపోతే ఎవరూ కొట్టరు. మీ భార్య అక్కగారి ఇంటి పెళ్ళి కనుక ఆవిడా పిల్లలూ వెళ్ళి, మీరు సీజనులో ప్రెస్సు వదలలేకపోయారంటే అది అబద్ధం కూడా కాదు. వెళ్ళాలనిపిస్తే రైల్లో వెళ్ళండి, ఉన్న బట్టలు కట్టుకోండి. చదివింపులు ఎంతన్నది ముందే మీరిద్దరూ అనుకుని, కవరు ఇంట్లోనే అంటించండి. అక్కడికి వెళ్ళాక వీళ్ళింత వాళ్ళింత అని విని, ఇంకా చదివించడానికి ఫోను తియ్యకుండా ఉంటారు. 1,116 చాలు. 516 అయినా చాలు. అమ్మాయి రానంటే బలవంతపెట్టకండి, వస్తానంటే పక్కన కూర్చోబెట్టుకుని భోంచెయ్యండి.

ప్రార్థన సంగతి మాత్రం అక్కడ ఎవరితోనూ అనకండి. నాకు చెప్పేశారుగా.